భూకంప మృతుల పక్కన సర్దేసిన లక్షమంది

టోక్యో నగరంలో సుమిదా నదికి తూర్పు గట్టున, సుమో కుస్తీలకు పేరుపడ్డ ర్యోగొకు పేటను ఆనుకుని యోకోఅమిచో అనే పార్కు ఉంది. పార్కులో బౌద్ధాలయం పోలికలున్న పెద్ద మందిరం, దాని వెనక మూడంతస్తుల గోపురం. ఆ గోపురంలో సుమారు 1,63,000 మంది అస్థికలు భద్రపరిచారు. వారిలో 58,000 మంది 1923 సెప్టెంబరు 1 నాటి కాంతో భూకంపంలో పోయినవాళ్ళు. తక్కిన 1,05,000 మంది రెండో ప్రపంచ యుద్ధం చివరి నెలల్లో అమెరికా విమానాలు కురిపించిన బాంబులకు, అవి రేపిన మంటలకు పోయిన పౌరులు. 1930లో ఈ మందిరం కట్టింది మొదటివాళ్ళ కోసం. రెండోవాళ్ళని యుద్ధం ముగిశాక తెచ్చి చేర్చారు. 1951లో మందిరం పేరులోంచి భూకంపం మాట తీసేసి అందరికీ సరిపోయే పేరు పెట్టారు. లండన్ వెస్ట్‌మినిస్టర్ ఆబీలో బాంబులకు బలైన బ్రిటన్ పౌరుల పేర్లు 66,000కు పైగా సంపుటాలకెక్కి ఉన్నాయి. ఒక్క రాత్రిలో దాదాపు లక్షమందిని పోగొట్టుకున్న టోక్యోలో మాత్రం వారి కోసం కట్టిన మందిరమంటూ లేదు, పాత మందిరంలో దొరికిన చోటే ఉంది. చోటు చాలక అలా సర్దారని అంటారు. కొంతవరకు నిజమే. కానీ మనుషులు తెచ్చిపెట్టిన చావుల్ని ప్రకృతి తెచ్చిపెట్టిన చావుల పద్దులో రాస్తే, అడగవలసిన లెక్కలు అడగకుండానే పద్దు మూసేయవచ్చు. టోక్యోలో జరిగింది అదేనని, ఆ మందిరమూ ఆ తర్వాత వచ్చిన కోర్టు తీర్పులూ ఒకే ఆలోచనకు రెండు రూపాలనీ నా వాదన.

ముందు ఆ మందిరం అసలు వారసుల సంగతి. భూకంపం వచ్చిన రోజు ఆ స్థలం సైనిక దుస్తుల కర్మాగారం తరలిపోగా మిగిలిన ఖాళీ మైదానం. ఇళ్ళు కూలి, వంటపొయ్యిల నిప్పు అంటుకుని ఊరు తగలబడుతుంటే చుట్టుపక్కల జనం మూటాముల్లెతో ఆ మైదానంలోకి పరిగెత్తారు. నాలుగు వైపుల నుంచీ మంట కమ్ముకుని సుడిగాలిగా లేచింది. ఆ ఒక్క చోటే సుమారు 38,000 మంది చనిపోయారు. చావు జరిగిన చోటే స్మారకం లేచింది కనుక దానిలో వంక పెట్టడానికేమీ లేదు. వాస్తుశిల్పి ఇటో చూటా. యువకుడిగా చైనా, భారత్, టర్కీలు తిరిగి ఆసియా కట్టడాలను చదువుకున్న మనిషి. జపాన్ ఆలయాల రీతినీ, ఖండమంతటి బౌద్ధ నిర్మాణాల జ్ఞాపకాన్నీ కలిపి కట్టాడు. భూమి కంపించడానికి బాధ్యులు ఎవరూ ఉండరు. అలాంటి మరణాల ముందు అగరొత్తి వెలిగించి తలవంచడం కన్నా మనిషి చేయగలిగింది తక్కువ. ఇటో కట్టడం సరిగ్గా ఆ పనికి సరిపోతుంది.

1945 మార్చి 9 అర్ధరాత్రి దాటాక వచ్చిన మంట అలాంటిది కాదు. దానికి తయారీ ఉంది, ప్రయోగశాల ఉంది, కొలతలున్నాయి. 1943లో అమెరికా సైన్యం యూటా ఎడారిలోని డగ్‌వే పరీక్షా కేంద్రంలో జపాన్ ఇళ్ళను అచ్చుగుద్దినట్టు కట్టించి, లోపల చాపలు సైతం పరిపించి, వాటి మీద ఎం-69 అనే నిప్పు బాంబును పరీక్షించింది. నాపామ్ నింపిన ఆ చిన్న గొట్టాలు గుత్తులుగా పడి, విడిపోయి, కొయ్య ఇళ్ళలోకి దూరి అంటుకోవడానికి ఎంత సమయం పడుతుందో లెక్కగట్టారు. ఆ ఇళ్ళ రూపకల్పనలో సాయపడింది చాలా ఏళ్ళు టోక్యోలో ఉండి జపాన్ ఇళ్ళ గుట్టుమట్లు నేర్చుకున్న వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమండ్. ఇక్కడ మనకొక చిన్న ముడి ఉంది. పుదుచ్చేరి అరవిందాశ్రమంలో గోల్కొండ్ అనే వసతిగృహం గీసింది కూడా ఈ రేమండే. దాని నిర్మాణానికి నిజాం సంస్థాన దివాను సర్ అక్బర్ హైదరీ లక్ష రూపాయలు ఇప్పించగా కృతజ్ఞతగా మన గోల్కొండ పేరు పెట్టారు. గాలి ధారాళంగా ఆడే ఇంటిని ఒక దేశంలో కట్టి, గాలికి త్వరగా అంటుకునే ఇంటిని మరో దేశంలో పరీక్ష కోసం కట్టించిన చేయి ఒకటే. 1945 జనవరిలో మరియానా దీవుల బాంబరు దళం పగ్గాలు కర్టిస్ లెమే చేతికి వచ్చాయి. ఫ్యాక్టరీలకు గురిపెట్టి ఎత్తు నుంచి వేస్తున్న బాంబులు తప్పిపోతున్నాయని చూసి, ఆయన పద్ధతి మార్చాడు. రాత్రిపూట, 5,000 నుంచి 9,000 అడుగుల ఎత్తులో, తుపాకులు చాలావరకు ఊడదీసి, ఆ బరువు మేరకు మరిన్ని నిప్పు బాంబులు ఎక్కించి పంపాడు. 279 బి-29 విమానాలు సుమారు 1,665 టన్నుల నిప్పు బాంబులు వేశాయి. ఎంచుకున్నది అసకుసా, హోంజో, ఫుకగావా పేటలు. చదరపు మైలుకు లక్షకు పైగా జనం కిక్కిరిసిన కొయ్య ఇళ్ళ కార్మికవాడలు. తెల్లవారేసరికి 16 చదరపు మైళ్ళు బూడిదయ్యాయి. పది లక్షలకు పైగా జనం నిలువనీడ కోల్పోయారు. పోలీసుల లెక్కలో మృతులు 83,793. తర్వాతి పరిశోధకులు లక్ష వరకూ ఉంటారంటారు.

ఇందులో అమెరికా వంతు అది. జపాన్ ప్రభుత్వం వంతు కూడా ఉంది, అదే ఈ కథలో మరుగున పడిన సగం. 1937లో చేసిన వాయు రక్షణ చట్టాన్ని 1941లో సవరించి, ఊరు విడిచి వెళ్ళకుండా పౌరులను నిషేధించే అధికారం ప్రభుత్వం చేతికి తీసుకుంది. మంట అంటుకుంటే ఆర్పడం ఇంట్లోవాళ్ళ విధి అయింది. తప్పితే జరిమానాలు, జైలు. ఇరుగుపొరుగు సంఘాలుగా జనాన్ని కట్టగట్టి, బకెట్లు చేతులు మార్చుకోవడం, తడిపిన గుడ్డపీలికలు కట్టిన కర్రలతో నిప్పును బాదడం నేర్పించారు. నిప్పు బాంబుకు భయపడనక్కర్లేదని ప్రచారం చేశారు. మార్చి 10న తొలి బాంబులు అర్ధరాత్రి దాటి 8 నిమిషాలకు పడితే, వాయుదాడి సైరను మోగింది 12 గంటల 15 నిమిషాలకు. ఆ ఏడు నిమిషాలు, ఆపైన పారిపోకుండా నిలబడి ఆర్పబోయిన నిమిషాలు ఎన్ని ప్రాణాలు తీశాయో లెక్కకు అందదు. 1944లో పల్లెలకు తరలించిన బడిపిల్లల్లో ఆరో తరగతి వాళ్ళు బడి ముగింపు ఉత్సవం కోసం సరిగ్గా ఆ రోజుల్లోనే టోక్యో తిరిగి వచ్చారు. పల్లెల్లో మిగిలిపోయిన చిన్న తరగతుల పిల్లలు బతికారు, తల్లిదండ్రులు పోయారు. 1948 నాటి సర్కారీ లెక్కలో దేశం మొత్తం మీద అనాథ పిల్లలు 1,23,000 మందికి పైనే. వీళ్ళలో చాలామంది రైల్వే స్టేషన్ల మెట్ల మీద పడుకుని పెరిగారు. పై నుంచి నిప్పు వేసినవాడూ, కింద తలుపు మూసినవాడూ ఇద్దరూ మనుషులే, ఇద్దరివీ కాగితం మీద సంతకం పెట్టి తీసుకున్న నిర్ణయాలే.

దాడి తర్వాతి రోజుల్లో శవాలను దహనం చేయడానికి కట్టెలూ లేవు, సమయమూ లేదు. పార్కుల్లో, గుడుల ఆవరణల్లో, ఖాళీ స్థలాల్లో గోతులు తవ్వి పూడ్చారు. యుద్ధం ముగిసి అమెరికా సైన్యం దేశాన్ని ఏలుతున్న కాలంలో, 1948 నుంచి 1951 దాకా ఆ గోతుల్ని మళ్ళీ తవ్వి, ఎముకలు తీసి దహనం చేసి యోకోఅమిచోకు తరలించారు. ఏలుతున్నవాడే బాంబులు వేసినవాడు. ఆ పాలనలో బాంబు దాడులను వేలెత్తి చూపే కొత్త కట్టడం లేచే పరిస్థితి లేదు. నగర ప్రభుత్వానికి కూడా పాత మందిరం పైకం ఆదా చేసే దారి. ఇంతవరకు ఎవరి మీదా నేరం మోపనక్కర్లేదు. ఆకలితో అలమటిస్తున్న ఊరు తన మృతులకు ఏదో ఒక కప్పు చూపించింది. నా అభ్యంతరం 1951 నాటి సర్దుబాటు మీద కాదు. 1952లో జపాన్‌కు స్వాతంత్ర్యం తిరిగొచ్చాక కూడా అదే శాశ్వతంగా ఉండిపోవడం మీద, దానికి తోడుగా చట్టం అదే దారి పట్టడం మీద.

చట్టం మాట కొంచెం వివరంగా చూడాలి, ఎందుకంటే సాక్ష్యం ఇక్కడే గట్టిగా ఉంది. యుద్ధం నడుస్తుండగా, 1942లో, అదే సైనిక ప్రభుత్వం బాంబు దాడుల్లో గాయపడ్డ పౌరులకూ మృతుల కుటుంబాలకూ సాయం అందించే చట్టం తెచ్చింది. అంటే పౌరుడి నష్టం రాజ్యం బాధ్యత అన్న భావన జపాన్‌కు కొత్త కాదు. 1946లో, ఆక్రమణ పాలనలో, సైనికుల పింఛన్లు ఆపేసినట్టే ఈ చట్టాన్నీ రద్దు చేశారు. స్వాతంత్ర్యం రాగానే సైనికుల వంతు తిరిగొచ్చింది. 1952లో గాయపడ్డ సైనికులకూ మరణించిన సైనికుల కుటుంబాలకూ సహాయ చట్టం, 1953లో సైనిక పింఛన్ల పునరుద్ధరణ. అప్పటి నుంచి ఈ పద్దు కింద చెల్లించిన సొమ్ము సుమారు 60 లక్షల కోట్ల యెన్లు. పౌరుల వంతు తిరిగి రాలేదు. సైనికులకు రాజ్యంతో ఉద్యోగ సంబంధం ఉంది, పౌరులకు ఆ సంబంధం లేదు అన్నది చెప్పిన కారణం. అణుబాంబు బాధితులకు 1957లో వైద్య చట్టం వచ్చింది, తర్వాత అది విస్తరించింది. అక్కడ కారణం అణుధార్మికత మామూలు గాయం కాదన్నది. నాపామ్‌తో ముఖమూ చేతులూ కాలి వేళ్ళు అతుక్కుపోయిన మనిషి ఈ రెండు గదుల మధ్య వరండాలో మిగిలిపోయాడు. ఓడిన దేశాలకు ఇది తప్పదనడానికీ లేదు. అంతకన్నా ఘోరంగా ఓడిన పశ్చిమ జర్మనీ 1950లోనే సైనికుడికీ పౌరుడికీ ఒకే చట్టం కింద యుద్ధ గాయాల సాయం ఇచ్చింది. గెలిచిన బ్రిటన్ అయితే యుద్ధం మొదలైన 1939లోనే పౌరుల గాయాలకు చట్టం చేసుకుంది.

పౌరులు కోర్టుకెక్కారు. అక్కడ ఎదురైన సిద్ధాంతానికి 1968లో విదేశాల్లో ఆస్తులు పోగొట్టుకున్నవాళ్ళ కేసులో సుప్రీంకోర్టు పునాది వేసింది. యుద్ధమనే అసాధారణ స్థితిలో జాతి మొత్తం ఏదో ఒక నష్టం భరించింది కనుక ఆ నష్టాన్ని అందరూ సమానంగా ఓర్చుకోవలసిందే, అదీ సారం. 1987లో నగోయా దాడి బాధితుల కేసులో కోర్టు అదే తర్కంతో తలుపు మూసింది. 2007లో టోక్యో దాడి నుంచి బతికినవాళ్ళూ మృతుల కుటుంబాలూ 112 మంది ప్రభుత్వం క్షమాపణ చెప్పాలనీ, పరిహారం ఇవ్వాలనీ దావా వేశారు. 1951 శాన్‌ఫ్రాన్సిస్కో ఒప్పందంలో జపాన్ తన పౌరుల తరఫున అమెరికాను అడిగే హక్కు వదులుకుంది కాబట్టి, ఆ బాకీ ఇప్పుడు వదులుకున్నవాడిదేనని వాళ్ళ వాదనల్లో ఒకటి. నాకైతే అది తోసిపుచ్చడానికి వీల్లేని వాదన. 2009లో జిల్లా కోర్టు ఇది చట్టసభ తేల్చవలసిన విషయమని కొట్టేసింది. 2012లో హైకోర్టు, 2013లో సుప్రీంకోర్టు అదే ఖాయం చేశాయి. ఇప్పుడు ఓర్చుకోవాలన్న ఆ సిద్ధాంతాన్ని మళ్ళీ చదవండి. అందరికీ సమానంగా పడేది, ఎవరూ కారకులు కానిది, ఎవరినీ అడగడానికి వీల్లేనిది ఏది? భూకంపం. న్యాయమూర్తులు యుద్ధం గురించి వాడిన ఊహ అచ్చంగా యోకోఅమిచో మందిరం గోడల్లో ఉన్న ఊహే. మందిరం చూసి తీర్పు రాశారని నేననడం లేదు. ఒక సమాజం తన మృతులను ఎక్కడ పెట్టిందో, వాళ్ళ గురించి ఏమి వాదించిందో రెండూ ఒకే అలవాటు నుంచి వస్తాయనే చెబుతున్నాను. ‘సమానంగా’ అన్నది లెక్కకు నిలవదని కూడా చెప్పాలి. 60 లక్షల కోట్ల యెన్లు ఒక పక్క, సున్నా మరో పక్క ఉంటే దాన్ని సమానత్వం అనరు.

దీనికి మొదటి అభ్యంతరం బౌద్ధ సంప్రదాయం వైపు నుంచి వస్తుంది. చనిపోయినవాళ్ళకు ప్రార్థన చేసేటప్పుడు ఎలా పోయారని అడగరు, నిప్పులో పోయిన ప్రాణానికి భూకంపం నిప్పైనా బాంబు నిప్పైనా ఒకటే, కలిపి స్మరించడంలో తప్పేమిటి? సెప్టెంబరు 1న, మార్చి 10న రెండు తేదీల్లోనూ అక్కడ పూజలు జరుగుతూనే ఉన్నాయి కదా? ఆ పూజకు వచ్చే వృద్ధుల భక్తిని నేను తక్కువ చేయను. దుఃఖానికి కారణంతో పనిలేదన్నది నిజమే. కానీ స్మారకం దుఃఖానికి మాత్రమే కట్టరు. ఇంట్లో పటం పెట్టుకుని దీపం వెలిగించడానికి నగర పాలన అవసరం లేదు. ప్రభుత్వ సొమ్ముతో ప్రభుత్వ స్థలంలో కట్టేది ప్రజల ముందు పెట్టిన ఒక మాట, దానిలో ఏమి జరిగిందో ఉండాలి. కలిపేయడం ఎంత దూరం తీసుకుపోతుందో అదే పార్కులో మరో రాయి చూపిస్తుంది. 1923 భూకంపం తర్వాత కొరియన్లు బావుల్లో విషం కలుపుతున్నారన్న పుకారుతో సైనికులూ పోలీసులూ కర్రలు పట్టిన జనమూ వేలమంది కొరియన్లను చంపారు. వాళ్ళ కోసం 1973లో అక్కడ ఒక స్మారకశిల వెలిసింది. ఏటా ఆ సభకు టోక్యో గవర్నరు సంతాప సందేశం పంపడం ఆనవాయితీ. 2017 నుంచి గవర్నరు కొయికె యురికొ అది మానేశారు. మందిరంలో జరిగే పెద్ద పూజలో విపత్తు మృతులందరికీ కలిపి నివాళి అర్పిస్తున్నానన్నది ఆమె చెప్పిన కారణం. హత్యకు గురైనవాళ్ళు ఆ విధంగా భూకంపంలో పోయినవాళ్ళయ్యారు. 1945 మృతులకు ముందే జరిగిన పని 1923 కొరియన్లకు తర్వాత జరిగిందంతే.

రెండో అభ్యంతరం లెక్కలతో వస్తుంది. రాజ్యం పౌరుల్ని మరిచిపోలేదు, ఏటా ఆగస్టు 15న బుదోకాన్‌లో చక్రవర్తి సమక్షంలో జరిగే జాతీయ సంస్మరణలో 31 లక్షల మంది యుద్ధ మృతులందరూ, వాళ్ళలో 8 లక్షల మంది పౌరులూ లెక్కలో ఉన్నారు, పైగా 2001లో యోకోఅమిచో పార్కులోనే వాయుదాడి మృతుల కోసం ప్రత్యేక స్మారకం కట్టారు అంటారు. రెండూ వాస్తవాలే. బుదోకాన్ సభలో అందరూ ఒకే మొత్తం. మొత్తంలో చేరితే గౌరవం దక్కుతుంది, లెక్క మాత్రం తేలదు. 2001 స్మారకం కథ ఇంకా చెప్పుకోదగ్గది. శిల్పి త్సుచియా కిమియొ రూపొందించిన ఆ వాలు గుట్ట నిండా పూలమొక్కలు, లోపల మృతుల పేర్ల పట్టీలు. చూడటానికి బాగుంటుంది. కానీ వచ్చినవాళ్ళకు కనిపించేది పూలు, పేర్లు కాదు. దీన్ని ఓకినావాతో పోల్చి చూడండి. 1995లో అక్కడ కట్టిన శాంతి శిలాఫలకాల మీద ఓకినావా పౌరులూ, జపాన్ సైనికులూ, అమెరికన్ సైనికులూ, కొరియన్లూ కలిసి 2,40,000కు పైగా పేర్లు రాతి మీద చదువుకోవచ్చు. తాతమ్మ పేరు మీద వేలు పెట్టి చూపించవచ్చు. టోక్యోలో అలా వీలుకాకపోవడం రాళ్ళ కొరత వల్ల కాదు. 2001 పూలగుట్ట నిజానికి ఇంకొకదాని బదులు వచ్చింది. 1990వ దశకంలో నగర ప్రభుత్వం అదే పార్కులో శాంతి మ్యూజియం కట్టాలనుకుంది. సుమారు 330 మంది బతికినవాళ్ళ సాక్ష్యాలు వీడియో తీసింది, వేల వస్తువులు సేకరించింది. ప్రదర్శనలో జపాన్ చేసిన దాడుల ప్రస్తావన ఉండాలా, టోక్యోను సైనిక నగరమని రాయాలా అన్న చోట గొడవ మొదలైంది. అలాంటి ప్రస్తావన జాతికి అవమానమని సంప్రదాయవాద సభ్యులు పట్టుపట్టారు. 1999లో నగర సభ ప్రణాళికను నిలిపేసింది. వీడియోలు గోదాములోకి వెళ్ళాయి. వాటిలో కొన్నింటిని నగరం జనానికి చూపించింది 2024లో. అప్పటికి మాట్లాడినవాళ్ళలో ఎక్కువమంది లేరు.

మూడో అభ్యంతరమే బరువైనది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను. జపాన్ దండెత్తిన దేశం. తాను చంపినవాళ్ళకు లెక్క చెప్పకుండా తన మృతులకు ఘనంగా స్మారకం కట్టుకుంటే, అది బాధితుడి వేషం వేసుకోవడమే కదా? ఈ ప్రశ్న వెనక గట్టి చరిత్ర ఉంది. 1938 నుంచి 1943 దాకా జపాన్ విమానాలు చైనా యుద్ధకాల రాజధాని చోంగ్‌చింగ్ మీద పదేపదే బాంబులు వేశాయి. పౌరులున్న నగరాన్ని గాలి నుంచి కొట్టి లొంగదీయాలన్న పద్ధతిని ఇంత కాలం, ఇంత పట్టుదలగా అమలు చేసిన తొలి దేశాల్లో జపాన్ ఒకటి. 1941 జూన్ 5 రాత్రి అక్కడి సొరంగంలో తలదాచుకున్న జనం గాలి ఆడక, తొక్కిసలాటలో వందలు వేలుగా చనిపోయారు. మన తీరమూ ఆ లెక్కలో ఉంది. 1942 ఏప్రిల్ 6న ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచిన జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడ రేవుల మీద బాంబులు వేశాయి. చనిపోయినవాళ్ళు కొద్దిమందే అయినా తీరపు పట్టణాలు కొన్నాళ్ళు ఖాళీ అయిపోయాయి. ఆ దాడికి గుర్తుగా విశాఖ మ్యూజియంలో ఒక బాంబు ఉంది. బాంబు దాచుకున్నాం, ఆ రోజు రేవులో పోయినవాళ్ళెవరో దాచుకోలేదు. ఈ విషయంలో టోక్యోకు పాఠం చెప్పే అర్హత మనకూ లేదు.

అయితే ఈ అభ్యంతరం టోక్యో మృతుల్ని మరుగున ఉంచడానికి కారణం కాగలదా? 1999లో జరిగింది చూస్తే దానికి సరిగ్గా వ్యతిరేకం తేలుతుంది. మ్యూజియాన్ని ఆపినవాళ్ళు చోంగ్‌చింగ్ గుర్తొస్తుందని భయపడినవాళ్ళే. టోక్యో దాడిని కారణాలతో సహా చెప్పడం మొదలుపెడితే చోంగ్‌చింగ్ చెప్పకుండా దాటడం కుదరదని వాళ్ళకు బాగా తెలుసు. దోషాన్ని దాచే పని చేస్తున్నది కారణం లేని శోకమే, కారణం చెప్పే స్మారకం కాదు. కోర్టుల్లోనూ ఇదే. 2006లో చోంగ్‌చింగ్ బాధితులు టోక్యో జిల్లా కోర్టులో దావా వేశారు. 2015లో అది వీగిపోయింది. తాను బాంబులు వేసిన చైనీయులకూ, తన చట్టం పారిపోనివ్వని టోక్యో పౌరులకూ ఒకే రాజ్యం ఒకే కోర్టులో ఒకే సమాధానం ఇచ్చింది. సొంత పౌరుడి ప్రాణానికి జవాబు చెప్పడం నేర్చుకోని ప్రభుత్వం పరాయి పౌరుడికి చెబుతుందని ఎదురుచూడటం అత్యాశ. టోక్యో కేసు పెట్టినవాళ్ళలో కొందరు చోంగ్‌చింగ్ వాళ్ళ పక్షాన నిలబడ్డారంటే ఈ సంగతి వాళ్ళకు ముందే అర్థమైందన్నమాట.

దీనికంతటికీ మధ్యలో ఒక పతకం ఉంది. 1964 డిసెంబరులో సాతో ఐసాకు ప్రభుత్వం కర్టిస్ లెమేకు ఉదయించే సూర్యుడి పతకం, అందులోనూ మొదటి శ్రేణిది, ప్రదానం చేసింది. జపాన్ ఆత్మరక్షణ వైమానిక దళాన్ని నిలబెట్టడంలో సాయపడినందుకు అన్నారు. చట్టసభలో అప్పుడే అభ్యంతరాలు లేచాయి, పతకం ఆగలేదు. శత్రువును క్షమించడం గొప్పతనమని ఎవరైనా అనవచ్చు. క్షమించాలంటే ముందు నేరం పేరు చెప్పాలి. పేరు చెప్పని చోట క్షమాపణ అడిగేవాడూ ఉండడు, ఇచ్చేవాడూ ఉండడు, అమెరికాతో రక్షణ ఒప్పందం మాత్రం ఉంటుంది. భూకంపానికి పతకం ఇవ్వరు కదా అన్న ఎత్తిపొడుపు ఇక్కడ రాకుండా ఆపుకోవడం కష్టం.

రాజ్యం చేయని పని జనం చేశారు. దాడి నాటికి 12 ఏళ్ళ పిల్లవాడైన సవొతొమె కత్సుమొతొ పెద్దయి రచయిత అయ్యాడు. 1970లో టోక్యో వాయుదాడులను నమోదు చేసే సంఘం పెట్టించి, మాట్లాడగలిగిన ప్రతి మనిషి దగ్గరికీ పోయి కథనాలు పోగుచేయించాడు. అవి 1973-74లో ఐదు బరువైన సంపుటాలుగా వచ్చాయి. దాడి ఫోటోలు మనకు మిగిలాయంటే పోలీసు శాఖ ఫోటోగ్రాఫరు ఇషికవా కోయో పుణ్యమే. తీసినవి అప్పగించమని ఆక్రమణ అధికారులు అడిగితే నెగెటివులు పెరట్లో పాతిపెట్టుకున్నాడు. నగర మ్యూజియం ఆగిపోయాక సవొతొమె బృందం విరాళాలు పోగుచేసి, ఒకరు ఇచ్చిన స్థలంలో, కోతో వార్డులో 2002 మార్చిలో సొంతంగా ఒక కేంద్రం తెరిచింది. సవొతొమె 2022లో చనిపోయేదాకా దాని వెన్నెముక. మందిరంలో లేనివన్నీ అక్కడున్నాయి: ఎం-69 గొట్టం, వాయు రక్షణ చట్టం ప్రచార పత్రాలు, ఏ పేటలో ఎవరు పోయారో చూపే పటాలు, చోంగ్‌చింగ్ ప్రస్తావన. ఇద్దరు కారకులూ ఒకే గదిలో కనిపిస్తారు. ప్రభుత్వ సొమ్ము లేకుండా ఒక పేటలోని మూడంతస్తుల ఇంటిలో చేయగలిగినది మహానగర పాలన చేయలేకపోయిందంటే, లోపం సామర్థ్యంలో ఉందనుకోలేం.

ఇప్పుడు మిగిలింది పార్లమెంటు. కోర్టులు చట్టసభ వైపు వేలు చూపించాయి కనుక బాధితులు అక్కడికే పోయారు. అన్ని పార్టీల సభ్యులతో ఒక బృందం ఏర్పడి, అంగవైకల్యమో కాలిన మచ్చలో మిగిలిన బతికినవాళ్ళకు ఒక్కసారికి 5 లక్షల యెన్లు ఇచ్చే ముసాయిదా తయారుచేసింది. మృతుల కుటుంబాలు అందులో లేవు, అనాథలు లేరు. అంత కుదించినా దాడికి 80 ఏళ్ళు నిండిన 2025 నాటికి అది చట్టం కాలేదు. ఇంత ఆలస్యంగా ఇచ్చే ఇంత చిన్న మొత్తం ఎందుకని అడిగేవాళ్ళున్నారు. ఆ మొత్తం ఎవరి జీవితాన్నీ మార్చదు, నిజమే. కానీ ముసాయిదాలో డబ్బుతో పాటు ఇంకో క్లాజు ఉంది: వాయుదాడుల నష్టాన్ని ప్రభుత్వం స్వయంగా సర్వే చేయాలి. 1945 నుంచి ఇంతవరకూ జపాన్ ప్రభుత్వం పౌర మృతుల పేర్లు, చోటు, కారణం సమగ్రంగా లెక్కగట్టలేదు. సైనికుడెవరు ఏ దీవిలో పోయాడో దాని దగ్గర కాగితం ఉంది. డబ్బు కన్నా ఆ సర్వేకే అధికారులు ఎక్కువ జంకుతున్నారని నా అనుమానం. సర్వే మొదలైతే ప్రతి పేరు ఎదుట ‘ఎలా’ అన్న గడి నింపాలి, ఆ గడిలో విపత్తు అని రాసి ఊరుకోవడం కుదరదు.